గంగాళంలో తేలే విద్వాంసులు: సొరబుర్రతో స్నానపు బొమ్మ చేయడం ఎలా

స్నానపు తొట్టిలో తేలే పసుపు బాతు ఇప్పుడు వరంగల్ పిల్లలకు కొత్త కాదు. ఎటు తోసినా బోల్తా పడని బాతు బొమ్మకు పీటర్ గనీన్ అనే శిల్పి 1949లో అమెరికాలో పేటెంటు పొందాడు. సుమారు యాభై ఏళ్ల తరువాత అదే దేశంలో ఆ బాతుకు పేరున్న మనుషుల పోలికలు పెట్టి అమ్మడం మొదలైంది. ఎల్విస్ ప్రెస్లీలా జుట్టు పైకి దువ్వుకున్న బాతు, మెడలో గిటారు వేసుకున్న బాతు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సంగీతకారులను అంత చిన్న వయసులో, నీళ్లలో ఆడుకుంటుండగా పరిచయం చేయడం నాకు ఎంతో నచ్చిన ఆలోచన. ఆ పరిచయం ఎల్విస్ దగ్గరే ఆగనక్కరలేదు. ఐనవోలు మల్లన్న జాతరలో డోలు కొట్టే ఒగ్గు కళాకారుడు, షెహనాయి పట్టిన బిస్మిల్లా ఖాన్, ఫిడేలు భుజానికి ఆనించుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు కూడా మన గంగాళంలో తేలవచ్చు. వాళ్లను మీరే మీ ఇంట్లో చేయవచ్చు.

అందుకు నేను సూచించే సరుకు ఎండిన సొరబుర్ర. మన ఊళ్లలో బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు సొరబుర్రలు కట్టేవారు. ఆ బుర్రే కిన్నెరకు గుమ్మటం, తంబురాకు కుండ, వీణకు మెడ కింద బుర్ర. నీటిపై తేలడమూ, నాదం పలకడమూ రెండూ దానికి పుట్టుకతో వచ్చినవే. సంగీతకారుడి స్నానపు బొమ్మకు ఇంతకన్నా తగిన వస్తువు నాకు కనిపించదు.

ఇంకో కారణం కూడా ఉంది. నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మకు అడుగున రంధ్రం ఉంటుంది. దానిలోంచి నీరు లోపలికి పోతుంది, పూర్తిగా బయటకు రాదు. స్విట్జర్లాండ్, అమెరికా శాస్త్రవేత్తలు వాడిన స్నానపు బొమ్మలను కోసి చూసి, లోపలి గోడలపై పేరుకున్న బాక్టీరియా, బూజు పొరల గురించి 2018లో ప్రచురించారు. పిల్లవాడు ఆ బొమ్మను నొక్కి ముఖానికేసి చిమ్ముకుంటే ఆ నీరు కంట్లోకీ నోట్లోకీ పోతుంది. మనం చేయబోయే బొమ్మకు నీటిలో మునిగే చోట ఒక్క రంధ్రం కూడా ఉండదు.

పని మొదలుపెట్టే ముందు ఒక హద్దు గీసుకోండి. ఇది మూడేళ్లు నిండిన పిల్లల బొమ్మ. సొరబుర్ర గట్టిదే కానీ నాపరాతి మీద పడితే పగులుతుంది, పగిలిన అంచు గీసుకుంటుంది. అంతకన్నా చిన్నపిల్లలు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు రంధ్రం లేని, ఒకే ముక్కగా పోతపోసిన, ఐఎస్ఐ గుర్తు ఉన్న బొమ్మ కొనడమే మేలు. దానికి మీరు ఏమీ అతికించకండి.

ఎవరి బొమ్మ చేయాలి?

ముఖం పోలిక కోసం ప్రయత్నించకండి. జానెడు కాయ మీద ముక్కూ పెదవులూ ఎంత బాగా గీసినా అవి ఎవరివో తెలియదు. సంగీతకారుణ్ణి మనం దూరం నుంచి గుర్తుపట్టేది మూడింటి వల్ల: తల మీద ఉన్నది, వాయిద్యం, ఆ వాయిద్యాన్ని పట్టుకున్న తీరు. ఈ మూడూ కుదిరితే ముఖం ఖాళీగా వదిలేసినా పిల్లలు పేరు చెప్పేస్తారు.

ద్వారం వెంకటస్వామి నాయుడిని తీసుకోండి. చూపు బాగా తక్కువ ఉన్న ఆయనకు నల్లకళ్లద్దాలే గుర్తు. రెండు నల్లటి గుండ్రాలు, ఎడమ భుజం దగ్గర ఫిడేలు, అడ్డంగా కమాను. అంతే చాలు. మొదటిసారి చేసేవారికి ఆయన బొమ్మే అన్నిటికన్నా సులువు. బిస్మిల్లా ఖాన్‌కు తల మీద టోపీ, నోటి నుంచి కిందికి దిగి చివర విచ్చుకున్న షెహనాయి. షెహనాయిని నిటారుగా కాకుండా కొంచెం ముందుకు వాల్చి గీయాలి, లేకపోతే గడ్డంలా కనిపిస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి పెద్ద బొట్టు, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు, కొప్పు చుట్టూ పూలు, పక్కన తంబురా. జాకిర్ హుస్సేన్‌కు ఎగిరే ఉంగరాల జుట్టే సగం బొమ్మ, తబలా జోడీ మిగతా సగం.

మన దగ్గరి వారిలో నేను మొదట చెప్పేది ఒగ్గుకథ చుక్క సత్తయ్య పేరు. జనగామ ప్రాంతం నుంచి వచ్చి, మల్లన్న, బీరప్ప కథలను పల్లె దాటించి పెద్ద వేదికలకు తీసుకెళ్లిన కళాకారుడు ఆయన. ఒగ్గు బృందంలో డోలు, తాళాలు, ఒగ్గు అనే చిన్న డమరుకం ఉంటాయి. బొమ్మకు డోలు చాలు. సొరబుర్ర పొట్టకు అడ్డంగా డోలు గీస్తే, దానంతట అదే నడుముకు కట్టుకున్నట్టు కనిపిస్తుంది. కిన్నెర మొగులయ్య బొమ్మ ఇంకా అందంగా కుదురుతుంది. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెరను బుర్ర మీద ఏటవాలుగా గీసి, మెట్లను లెక్క తప్పకుండా పన్నెండూ వేయండి. స్నానం చేస్తూ పిల్లలు వాటిని లెక్కపెడతారు.

బీటిల్స్ నలుగురినీ చేయాలనుకుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. నుదుటి మీదికి దువ్విన ఆ జుట్టుతో ఒక్క బొమ్మే ఉంటే ఎవరో తెలియదు. ఒకే కొలత జుట్టుతో నాలుగు బుర్రలు కలిసి తేలితేనే వాళ్లు బీటిల్స్ అవుతారు. ఒకే తీగ కాయలు వాడితే నాలుగూ ఇంచుమించు ఒక్క తీరుగా ఉంటాయి.

డోలు, మద్దెల పట్టుకునే తీరు గీయడం రాకపోతే పాలంపేట వెళ్లి రామప్ప గుడి చూసి రండి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిలో నాట్యకత్తెల పక్కన వాద్యగాళ్లు నిలుచున్న శిల్పాలు ఉన్నాయి. మోచేయి ఎంత బయటికి వస్తుందో, నడుము ఎటు వంగుతుందో, వాయిద్యం బరువు శరీరంలో ఎక్కడ కనిపిస్తుందో ఆ రాతిలో స్పష్టంగా తెలుస్తుంది. ఫోనులో ఫొటోలు తీసుకుని, ఇంటికి వచ్చి గీతలుగా మార్చుకోండి. గర్భగుడి పైనున్న విమానం, అంటే శిఖరం, కట్టడానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడిన గుడి అది. తేలే బొమ్మ చేయబోయేవారు చూడవలసిన చోటే.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు వంటి వారిని స్నానపు నీళ్లలో వేయకండి. వాళ్లు చాలా ఇళ్లలో పూజ అందుకునేవారు. కాలి దగ్గర తేలే బొమ్మగా వారిని చూడటం ఇంట్లో పెద్దవాళ్లకు బాధ కలిగిస్తుంది, ఆ బాధ న్యాయమైనది. వారి బొమ్మ చేయాలనిపిస్తే చేసి అలమరలో పెట్టండి. ఒగ్గు కళాకారుణ్ణి చేసినప్పుడు కూడా కళాకారుడినే చేయండి, మల్లన్నను గీయకండి.

కాయ ఎంపిక, ఎండబెట్టడం

కూరకు వాడే లేత సొరకాయ దీనికి పనికిరాదు, ఎండేలోపే ముడుచుకుని కుళ్లిపోతుంది. తీగ మీదే పూర్తిగా ముదిరి, తొడిమ గోధుమరంగుకు తిరిగి ఎండిన కాయ కావాలి. గోరుతో గుచ్చితే దిగకూడదు. పొడవాటి కాయ వద్దు. కింద గుండ్రటి పొట్ట, పైన సన్నటి మెడ ఉన్న పొట్టి రకం కోసం చూడండి. పొట్ట శరీరం, మెడ తల. పొట్ట అడ్డకొలత జానెడు లోపు ఉంటే పిల్లల చేతికి అందుతుంది.

తొలకరికి పెట్టిన తీగ మీద వదిలేసిన కాయలు కార్తీకం నాటికి ముదురుతాయి. రెండు వేళ్ల తొడిమ ఉంచి కోయండి. నీడలో, గాలి ఆడే చోట, నేలకు తగలకుండా నులక మంచం మీదో వెదురు తడక మీదో పరిచి, వారానికి రెండుసార్లు తిప్పండి. పైన నల్లటి, తెల్లటి బూజు మరకలు వస్తాయి. కంగారు పడకండి, లోపలి తేమ బయటకు పోతున్నప్పుడు అలాగే అవుతుంది. మెత్తబడి లోపలికి దిగిపోయిన కాయను మాత్రం తీసి పారేయండి. చలికాలం గడిచి శివరాత్రి దాటేసరికి చాలా కాయలు సిద్ధమవుతాయి. చేత్తో ఊపితే గింజలు గలగలమనాలి, పట్టుకుంటే ఆశ్చర్యపడేంత తేలికగా ఉండాలి. తీగ పెంచే వీలు లేకపోతే, విత్తనానికి కాయలు వదిలే రైతులను అడగండి. హనుమకొండ రైతుబజారుకు కూరగాయలు తెచ్చేవాళ్లలో ఇంటి విత్తనం కట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ముందే చెప్పి పెడితే ఒకటి రెండు కాయలు వదిలిపెడతారు.

ఎండిన బుర్రను తడి గోనెసంచిలో ఒక రాత్రి చుట్టి ఉంచండి. పొద్దున కొబ్బరిపీచుతో రుద్దితే పై పొర ఊడివచ్చి కింద లేత పసుపు, గోధుమ రంగుల్లో నున్నటి చెక్క లాంటి తొక్క బయటపడుతుంది. రుద్దేటప్పుడు తడిగానే ఉంచండి. ఎండు పొడి, బూజు ధూళి ఊపిరితిత్తులకు మంచివి కావు. ముక్కుకు మాస్కు కట్టుకుని ఆరుబయట ఈ పని చేయండి, పిల్లలను దూరంగా ఉంచండి. తరువాత మళ్లీ నీడలో ఆరబెట్టండి.

తల మీద ద్వారం

సన్న రంపంతో మెడ పైభాగాన్ని, తొడిమ ఉన్న చోట, అడ్డంగా కోయండి. ఐదు రూపాయల బిళ్ల పట్టేంత రంధ్రం చాలు. రంధ్రం పైనే ఎందుకంటే అది ఎప్పుడూ నీటి మట్టానికి పైన ఉంటుంది. తరువాత దానికి బిగించే చెక్క బిరడానే టోపీ, తలపాగా, కొప్పు అవుతుంది.

కొక్కెంలా వంచిన తీగతో లోపలి గింజలు, ఎండిన గుజ్జు లాగండి. గుప్పెడు గరుకు ఇసుక, కాసిన్ని చిన్న రాళ్లు వేసి బాగా గిలకొట్టి బయటకు ఒంపితే మిగిలిన పీచు కూడా వస్తుంది. గుజ్జు లోపలే ఉండిపోతే పురుగు పడుతుంది, కాబట్టి ఈ పనిలో ఓపిక తగ్గించుకోవద్దు. మంచి గింజలు కొన్ని వేరుగా తీసి బాగా ఎండబెట్టండి. అవి మళ్లీ అవసరమవుతాయి.

నీటిలో నిలబెట్టడం

ఈ పని మొత్తంలో అసలైన నేర్పు ఇక్కడే ఉంది. బొమ్మ ఎంత అందంగా గీసినా నీటిలో పక్కకు ఒరిగి తేలితే అది నిద్రపోతున్న విద్వాంసుడే అవుతుంది. ఖాళీ బుర్ర బరువు తక్కువ కాబట్టి నీటి పైపైనే తేలి, మెడ బరువుకు ఒరిగిపోతుంది. దానికి అడుగున బరువు కావాలి.

ఎంత బరువు అనేది లెక్కగానే తెలుసుకోవచ్చు. బకెట్‌ను ఒక వెడల్పాటి పాత్రలో పెట్టి, అంచుదాకా నీళ్లు నింపండి. బుర్ర రంధ్రాన్ని బిరడాతో మూసి, చేత్తో అదిమి పూర్తిగా ముంచండి. పొర్లిన నీటిని కొలగిన్నెతో కొలవండి. 1,200 మిల్లీలీటర్లు పొర్లిందనుకుందాం. ఆ బుర్ర మొత్తం బరువు 600 గ్రాములు ఉంటే సగం మునిగి సగం తేలుతుంది. 400 గ్రాములు ఉంటే మూడో వంతు మునుగుతుంది. కూర్చుని వాయించే వారికి సగం మునక బాగుంటుంది, ఒడి దాకా నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తారు. డోలు కొట్టేవాడికి మూడో వంతు చాలు, ఎందుకంటే డోలు నీటిపైన ఉండాలి.

బరువు కోసం వాగులో దొరికే చిన్న గులకరాళ్లు, శనగగింజంతవి, కడిగి ఎండబెట్టి వాడండి. సీసం గుళ్లు, చేపల గాలానికి కట్టే సీసం ముక్కలు ఏ పరిస్థితిలోనూ వద్దు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇనుప మేకులు వేస్తే తుప్పు పడతాయి. రాళ్లు ఒక్కో గుప్పెడు వేస్తూ బుర్రను నీటిలో వదిలి చూడండి. నిటారుగా నిలబడిన దగ్గర ఆపండి. తరువాత పోసే మైనం బరువు కూడా కలుస్తుంది కాబట్టి, కావలసిన మునకకు కొంచెం తక్కువగానే ఉంచండి.

ఇప్పుడు పరీక్ష. బుర్రను పూర్తిగా పక్కకు పడుకోబెట్టి వదిలేయండి. ఒకటి, రెండు అనేలోపు లేచి నిలబడాలి. లేవకపోతే బరువు చాలలేదు, లేదా రాళ్లు ఒక పక్కకు జారాయి. జారితే విచారించకండి, మైనం పోశాక అవి కదలవు. నిటారుగా నిలిచిన స్థితిలో నీరు తాకే చోట పెన్సిల్‌తో చుట్టూ గీత గీయండి. ఆ గీత పైన ఉన్నదే మీ బొమ్మ. ముఖం, చేతులు, వాయిద్యం అన్నీ దానికి పైనే ఉండాలి. కింద పంచె మడతలో, చీర అంచో, అలలో గీసుకోవచ్చు. ఇది అయ్యాక రాళ్లు బయటకు తీసి, బరువు తూచి, ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

గీయడం, కాల్చడం

రంగులు వద్దు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. కానీ చిల్లరగా దొరికే డబ్బాలో ఏముందో మీకు తెలియదు. వేడినీళ్లు, సబ్బు తగిలితే ఎంత మంచి రంగైనా పెచ్చులు లేస్తుంది. నిర్మల్ బొమ్మల అందం, చేర్యాల ముఖాల అందం నాకు ప్రాణమే. కానీ పొనికి కర్ర మీద పూసే చింతగింజల జిగురు, చేర్యాలలో రంపపు పొట్టుతో కలిపే అదే జిగురు నీటికి ఆగవు. ఆ పద్ధతులను తడి బొమ్మకు వాడితే ఆ కళకూ అన్యాయమే.

అందుకే కాల్చి గీయాలి. మనకు పక్కనే ఉన్న బస్తర్‌లో సొరబుర్రల మీద కాల్చిన ఇనుముతో బొమ్మలు వేసే ఆదివాసీ కళ ఉంది. కాల్చిన గీత ఎన్ని స్నానాలు చేసినా పోదు.

పెన్సిల్‌తో ముందుగా బొమ్మ గీసుకోండి. తరువాత 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, పూర్తిగా కొత్తది, ఎన్నడూ సోల్డర్ తగలనిది తీసుకోండి. వాడిన దాని మొనకు సీసం అంటి ఉండవచ్చు. అది లేకపోతే చెక్కపిడి ఉన్న సన్నటి ఇనుప చువ్వను బొగ్గుల మీద కాల్చి వాడండి. గాలి ఆడే చోట కూర్చుని, పొగ ముఖానికి రాకుండా చూసుకోండి. ముందు బుర్ర అడుగున, నీటిలో మునిగే చోట కొన్ని గీతలు వేసి చేయి కుదుర్చుకోండి. నెమ్మదిగా లాగితే గీత లావుగా నల్లగా వస్తుంది, చురుకుగా లాగితే సన్నగా గోధుమరంగులో వస్తుంది. ఒకే చోట ఆపితే చుక్క పడి లోతుగా కాలుతుంది. జాకిర్ హుస్సేన్ జుట్టుకు ఆ చురుకు గీతలు వందలకొద్దీ కావాలి. ద్వారం వారి కళ్లద్దాలకు నెమ్మదిగా నింపిన నలుపు కావాలి. తెల్లటి చోట్ల కోసం, అంటే సుబ్బులక్ష్మి పూలకో పంచెకో, చిన్న చాకు మొనతో తొక్క పై పొరను సన్నగా గీరండి, లోపలి లేత రంగు బయటపడుతుంది. ఇలా నలుపు, గోధుమ, పసుపు, తెలుపు నాలుగూ ఒక్క చుక్క రంగు లేకుండా వస్తాయి.

వాయిద్యాన్ని విడిగా చేసి అతికించాలనే కోరిక పుడుతుంది. వద్దనే చెబుతాను. ఊడిన చిన్న ముక్క గొంతులో అడ్డుపడుతుంది, పైగా పైభాగం బరువెక్కి బొమ్మ ఒరుగుతుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు చేస్తుంటే మాత్రం, ఇంకో బుర్ర పెంకు నుంచి కోసిన డోలును మెత్తటి నూలు దారంతో మెడ కింద కట్టవచ్చు. దారం జానెడుకన్నా పొడవుగా వేలాడకూడదు. తొక్కకు మాత్రం కొత్తగా రంధ్రం పెట్టకండి.

మైనం

కావలసింది అచ్చమైన తేనెమైనం. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు తేనె తీసేవాళ్ల దగ్గర, పట్టణాల్లో మూలికలు అమ్మే పాత దుకాణాల్లో అడగండి. కొవ్వొత్తి మైనం వాడితే పెళుసుగా గట్టిపడి పగుళ్లిస్తుంది. లక్క కూడా వద్దు. నిగనిగలాడే ఆ మెరుపు చూసి మనసు లాగుతుంది కానీ సబ్బులోని క్షారానికి లక్క మెత్తబడి తెల్లబారిపోతుంది.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, దానిలో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది. బుర్రను ఇసుక పోసిన గిన్నెలో నిటారుగా గుచ్చి నిలబెట్టండి. తూచి ఉంచిన గులకరాళ్లను లోపల వేసి, పుల్లతో సమంగా పరిచి, గరాటుతో మైనం పోయండి. రాళ్లు మునిగేంత పోస్తే చాలు. కదల్చకుండా రాత్రంతా వదిలేయండి.

పొద్దున మైనం గట్టిపడ్డాక, ఎండబెట్టి ఉంచిన సొరగింజలు ఓ గుప్పెడు లోపల వేయండి. బొమ్మను ఊపితే గలగలమంటుంది. కుదురుగా ఊపడం నేర్పితే పిల్లలు తాళం వేయడం మొదలుపెడతారు.

ఇక బిరడా. పొనికి వంటి మెత్తటి కర్రను కిందికి సన్నబడేలా చెక్కి, రంధ్రంలో బిగువుగా దిగేలా చేయండి. బిరడా పైభాగమే బిస్మిల్లా ఖాన్ టోపీ, ఒగ్గు కళాకారుడి తలపాగా. దాన్ని కరిగిన మైనంలో బాగా నానబెట్టి, వేడిగా ఉండగానే బిగించి, అంచు చుట్టూ మైనం నింపండి. పిల్లవాడు గట్టిగా లాగినా ఊడకూడదు. ఊడుతుందేమోనన్న అనుమానం ఉంటే ఇంకో బిరడా చెక్కండి.

చివరగా బయటి పూత. బుర్రను కాసేపు ఎండలో వెచ్చబెట్టి, కరిగిన మైనంలో ముంచిన నూలుగుడ్డతో అంతటా రుద్దండి. వెచ్చటి తొక్క మైనాన్ని పీల్చుకుంటుంది. ఆరాక మళ్లీ ఒకసారి, ఆపైన ఇంకోసారి. చివర పొడి గుడ్డతో తోమితే కాల్చిన గీతలు లోతుగా మెరుస్తాయి.

నీరు దిగుతుందా?

పిల్లల చేతికి ఇచ్చే ముందు తప్పక చూడవలసింది ఇది. బొమ్మను వంటింటి తూకం మీద తూచి రాసుకోండి. గోరువెచ్చటి నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి బుడగలు వస్తాయి. బుడగలు వచ్చిన చోట మళ్లీ మైనం పట్టించండి. ఆ తరువాత ఒక రాత్రంతా బకెట్‌లో తేలనిచ్చి, పొద్దున తుడిచి మళ్లీ తూచండి. బరువులో చెప్పుకోదగ్గ తేడా ఉంటే ఎక్కడో నీరు దిగుతున్నట్టే.

స్నానం వేళ

పిల్లల స్నానపు నీరు 37, 38 డిగ్రీలు ఉంటుంది, మైనానికి ఏమీ కాదు. కట్టెలపొయ్యి మీద కాగుతున్న నీళ్ల గంగాళంలో మాత్రం వేయకూడదు. ఎండాకాలంలో మేడ మీద మరచిపోవద్దు. రామగుండం ఎండకు మైనం మెత్తబడి కారిపోతుంది, మన వరంగల్ ఎండ కూడా తక్కువేమీ కాదు. బొమ్మ ఉంది కదా, ఆడుకుంటున్నాడు కదా అని పిల్లవాణ్ణి తొట్టిలోనో గంగాళంలోనో వదిలి తలుపు తీయడానికి కూడా వెళ్లకండి. చిన్నపిల్లలు కొద్దిపాటి నీటిలోనే మునిగిపోగలరు.

ఎవరి బొమ్మ తేలుతోందో వారి వాయిద్యం వినిపించండి. ఫోను తడి తగలని చోట పెట్టి, షెహనాయి బొమ్మ రోజున షెహనాయి, డోలు బొమ్మ రోజున ఒగ్గుకథ. పేర్లు బట్టీ పట్టించకండి, పరీక్షలు పెట్టకండి. వారం పది రోజులు ఒకే బొమ్మ, ఒకే వాయిద్యం ఉంచితే, తరువాత ఎక్కడో పెళ్లిలో ఆ ధ్వని వినగానే పిల్లవాడు తల తిప్పి చూస్తాడు. అప్పుడు ఇంకో బొమ్మను దింపండి. నాలుగైదు బొమ్మలు ఒకేసారి వేస్తే అన్నీ కలిసి ఆట అవుతుంది, ఎవరూ గుర్తుండరు.

స్నానం అయ్యాక మంచినీటితో కడిగి, తుడిచి, గాలి తగిలే గూట్లో పెట్టండి. నెలకోసారి బిరడా అంచు చూసి మైనం తాజాగా రుద్దండి. పైన నల్లమచ్చ కనిపిస్తే వెనిగర్ ముంచిన గుడ్డతో తుడిచి ఎండబెట్టండి. గింజల గలగల ఆగిపోయి మొద్దు చప్పుడు వస్తుంటే లోపలికి తేమ చేరినట్టు. పగులు కనిపించినా, వాసన వచ్చినా ఆ బొమ్మకు నీటి ఆట ముగిసినట్టే. రాళ్లు, మైనం తీసి కొత్త బుర్రకు వాడుకోవచ్చు. తూకం రాసిన కాగితం అప్పుడు పనికి వస్తుంది.

అమ్మాలనుకుంటే

బొమ్మలు చూసి పక్కింటివారు అడుగుతారు, అమ్మాలనే ఆలోచన వస్తుంది. దానికి రెండు విషయాలు ఉన్నాయి. మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి అమ్మేముందు చేతివృత్తి కళాకారులుగా నమోదు చేసుకోండి. రెండోది, జీవించి ఉన్న కళాకారుడి పోలికతో బొమ్మ అమ్మాలంటే ఆయన్నే అడగండి. ఈ మధ్యనే కాలం చేసినవారైతే వారి కుటుంబాన్ని అడగండి. ఒగ్గు, కిన్నెర కళాకారులకు రాబడి అంతంతమాత్రమే. వారి రూపంతో వచ్చిన డబ్బులో వారికి ఎంత భాగమో ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోండి. మొదటి బొమ్మను మాత్రం డబ్బు తీసుకోకుండా వారి ఇంటికే తీసుకెళ్లి ఇవ్వండి. డోలు పట్టిన తీరు తప్పుగా ఉంటే వాళ్లే చెబుతారు, ఆ తరువాతి బొమ్మల్లో దిద్దుకోవచ్చు.